దక్కన్ గాలిలో పాటలు – 9: కోహీర్ రేడియో విన్న రోజులు

పోయిన వారం డేరా టాకీసుల గురించి చెప్పుకున్నాం. సినిమా అనేది జాతరకో, సంతకో, పంట చేతికొచ్చిన రోజులకో దొరికే వైభవం. రేడియో అలా కాదు. తెల్లవారుజామున పశువులకు గడ్డి వేసేటప్పటి నుంచి రాత్రి కందిలి వత్తి తగ్గించేదాకా అది ఇంటి మనిషి. అందుకే ఈ వారం ఊళ్లు తిరగకుండా ఒక్కచోటే ఆగుదాం. ఆ చోటు కోహీర్.

చలికాలం వస్తే పేపర్లలో కోహీర్ పేరు కనబడుతుంది. రాష్ట్రంలో అన్నిటికన్నా తక్కువ ఉష్ణోగ్రత ఎక్కడంటే చాలాసార్లు ఇక్కడే. 2023 జనవరిలో 4.6 డిగ్రీలకు పడిపోయింది. ఎర్రనేల, జామతోటలు, పాత మసీదులు, దర్గాలు, వికారాబాద్ నుంచి బీదర్ వైపు పోయే రైలు లైన్లో 'కోహీర్ దక్కన్' అని బోర్డు రాసి ఉన్న స్టేషన్. హైదరాబాద్‌లో జామపండ్ల బండివాడు 'కోహీర్ జామ' అని అరిస్తే బేరం తేలిగ్గా కుదురుతుంది. ఊరి గురించి బయటివాళ్లకు తెలిసింది దాదాపు ఇంతే.

నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. కోహీర్ ఉన్న జహీరాబాద్ తాలూకా 1956 అక్టోబర్ ఆఖరు దాకా బీదర్ జిల్లాలో ఉండేది. భాషా రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు బీదర్ మైసూరుకు పోయింది, జహీరాబాద్ మెదక్ జిల్లాకు వచ్చింది. కాగితం మీద గీత పడింది గానీ మనుషుల నోళ్లు మారలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, బీదర్ సంతకు పోతే కన్నడం, ఉద్‌గీర్ వైపు చుట్టాలొస్తే మరాఠీ. నాలుగు భాషలూ బడిలో నేర్చుకున్నవి కావు. అవసరం నేర్పినవి, చుట్టరికం నేర్పినవి, చాలావరకు పాట నేర్పినవి. ఈ ప్రాంతపు రేడియో కథను హైదరాబాద్ కథతోనో, విజయవాడ కథతోనో కలిపి చెబితే సగం చేజారుతుంది.

రేడియో కూడా ఇక్కడికి నాలుగు భాషల్లోనే వచ్చింది. హైదరాబాద్‌లో చిన్న ప్రైవేటు ప్రయత్నంగా మొదలైన ప్రసారాలను 1935లో నిజాం ప్రభుత్వం తన చేతికి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. పెత్తనం ఉర్దూదే అయినా తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ కార్యక్రమాలు ఉండేవి. నిజాం రాజ్యపు పెద్ద భాషలన్నీ ఏదో ఒక గంటలో వినబడేవి. 1950 ఏప్రిల్ 1న ఈ కేంద్రం ఆలిండియా రేడియోలో కలిసిపోయింది. అంతకు మూడు నెలల ముందే, జనవరిలో, ధార్వాడ కేంద్రం కన్నడంలో మొదలైంది. 1966లో గుల్బర్గా కేంద్రం వచ్చింది. కోహీర్‌కు గుల్బర్గా, హైదరాబాద్ రెండూ ఇంచుమించు సమాన దూరం. సూదిని అటు తిప్పితే కన్నడం, ఇటు తిప్పితే తెలుగు. ఇంత చక్కగా రెండు ఇళ్ల మధ్య కూర్చున్న ఊర్లు తెలుగు నేల మీద ఎన్నో లేవు.

ఆ సూది గురించి కాస్త నింపాదిగా చెప్పాలి. ఇప్పటి పిల్లలకు రేడియో అంటే ఫోన్‌లో ఒక గుర్తు. 1950లలో అది అద్దపు ముఖం ఉన్న చెక్కపెట్టె. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, టెలిఫుంకెన్ పేర్లు ముందు భాగంలో ఇత్తడి అక్షరాల్లో మెరిసేవి. మర్ఫీ కంపెనీ క్యాలెండర్‌లోని బొద్దు పాపాయి రేడియో లేని ఇళ్లలో కూడా గోడెక్కి కూర్చుంది. మీట తిప్పగానే పాట రాదు. లోపల వాల్వులు వేడెక్కాలి. ముందు అద్దం వెనక పసుపు బల్బు వెలిగేది, తర్వాత సన్నగా హూంకారం, ఆ తర్వాత గరగర, చివరికి గొంతు. పెద్ద సెట్లలో పచ్చటి కన్ను ఒకటి ఉండేది. స్టేషన్ సరిగ్గా కుదిరితే ఆ కన్ను రెప్పలు దగ్గరకొచ్చేవి. అద్దం మీద అడ్డగీతల్లో ఊర్ల పేర్లు: ఢిల్లీ, కొలంబో, లండన్, కైరో, అంకారా. జిల్లా దాటని మనిషి కూడా మునివేళ్లతో ప్రపంచం తిరిగేవాడు. సూదిని లాగేది లోపల చక్రాలకు చుట్టిన సన్నటి దారం. అది తెగితే రేడియో పాడుతుంది గానీ ఎక్కడ పాడుతుందో తెలియదు. దారం మార్చడం వచ్చిన మెకానిక్‌కు ఊర్లో డాక్టర్‌కున్న మర్యాద.

పైకప్పు మీద రెండు గుంజల మధ్య కట్టిన రాగి తీగ ఏరియల్. కొందరు గది లోపలే గోడ వెంబడి జాలీ పట్టీ కట్టుకునేవారు. రేడియో కొంటే సరిపోదు, లైసెన్సు కావాలి. పోస్టాఫీసులో ఏటా 15 రూపాయలు కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. తనిఖీ అధికారి వస్తున్నాడంటే సెట్టు మీద దుప్పటి కప్పేసిన ఇళ్లు దక్కన్ అంతటా ఉన్నాయి. 1980ల నడుమకు వచ్చేసరికి గానీ ఆ లైసెన్సు బెడద పూర్తిగా పోలేదు.

అందుకే మొదటి పాతికేళ్లు రేడియో సొంత వస్తువు కాదు, పది మంది వస్తువు. పంచాయతీ రేడియో, షాహుకారు అరుగు మీది రేడియో, చాయ్ హోటల్ రేడియో. ఈ మూడింట్లో హోటల్‌దే అసలైన రాజ్యం. ఒక్క చాయ్ చెప్పి గంటసేపు కూర్చోవచ్చు. 'జర ఆవాజ్ పెంచు భాయ్' అని తెలుగాయన అంటే, 'ఖబరాలు అయిపోనీ పటేలా, పాటలు గప్పుడే వస్తయి' అని గల్లా మీది సాయిబు జవాబు. ఆ హోటల్లో ఎవరికి ఏ భాష వచ్చు, ఎవరిది ఏ కులం అన్నది పాటకు పట్టేది కాదు. బయట పట్టింపులు బయట ఉన్నాయి. అవి లేవని నేను అనడం లేదు. హోటల్ లోపలికి రాలేక, వాకిట్లో నిలబడి విన్నవాళ్లు కూడా ఉన్నారు. పాట వాకిలి దాకా వచ్చింది, కుర్చీ మాత్రం రాలేదు. ఆ వాకిట్లో నిలబడ్డవాళ్ల కథ దగ్గరికి మళ్లీ వద్దాం.

పొద్దు గూకాక రేడియోకు ప్రాణం లేచొచ్చేది. పగటిపూట సూర్యకిరణాల వల్ల ఆకాశంలో తయారయ్యే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను మింగేస్తుంది. రాత్రి ఆ పొర కరిగిపోతుంది. దాని పైనున్న పొర అద్దంలా పనిచేసి దూరపు తరంగాలను తిరిగి నేల మీదికి పంపుతుంది. పగలు హైదరాబాద్ 738 కిలోహెర్ట్‌జ్, అంటే అనౌన్సర్ లెక్కలో 406.5 మీటర్లు, గట్టిగా వినబడితే, రాత్రి దాని చుట్టుపక్కల విజయవాడ, మద్రాసు, ఎక్కడెక్కడి స్టేషన్లూ గుమిగూడేవి. చలికాలపు రాత్రులు పొడుగు. కోహీర్‌కు చలి మరీ ఎక్కువ. రగ్గు కప్పుకుని రేడియో చెవి దగ్గర పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఊరు ఏముంటుంది?

ఆ రాత్రుల్లో అందరికన్నా పైన కూర్చున్నది మన దేశపు స్టేషన్ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియాలోని తమ సైనికుల కోసం బ్రిటిష్ వాళ్లు కొలంబోలో 100 కిలోవాట్ల షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటర్ పెట్టారు. యుద్ధం అయిపోయింది, సైనికులు వెళ్లిపోయారు, యంత్రం మిగిలింది. అదే రేడియో సిలోన్ చేతికొచ్చింది. సరిగ్గా అదే కాలంలో, 1952లో, ఢిల్లీలో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకు ఉన్నది నిజమైన ప్రేమే. సినిమా పాట జనం అభిరుచిని చెడగొడుతోందని నమ్మి, ఆకాశవాణిలో దాని నోరు దాదాపు నొక్కేశారు. జనం అభిరుచి మారలేదు. సూది మారింది.

1952 డిసెంబర్ 3న రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు. పళ్లపొడుల, పళ్లపేస్టుల కంపెనీ డబ్బు పెట్టింది. బొంబాయిలో అమీన్ సయానీ గొంతు రికార్డు చేసి టేపును విమానంలో కొలంబో పంపేవారు. అక్కడి నుంచి అది సముద్రం దాటి తిరిగి మన దేశానికి. మొదటి కార్యక్రమానికే 9,000 ఉత్తరాలు వచ్చాయని సయానీ ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఏ పాట ఎక్కింది, ఏ పాట దిగింది అన్నది గురువారం పొద్దున దేశమంతటా వార్త.

సయానీ భాష గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన తల్లి కుల్సుమ్ సయానీ గాంధీజీ కోరిక మీద 'రహబర్' అనే పత్రిక నడిపారు. సులువైన హిందుస్తానీలో, నాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో. చదువు తక్కువైనవాళ్లకు అర్థమయ్యే మాట ఎలా ఉండాలో కొడుకు ఆ ఇంట్లోనే నేర్చుకున్నాడు. పండితుల హిందీ కాదు, దర్బారు ఉర్దూ కాదు. బజారు హిందుస్తానీ. అందుకే ఆకాశవాణి ఢిల్లీ వార్తల్లోని సంస్కృత హిందీ తలకెక్కని కోహీర్ రైతుకు, సయానీ మాట ఒక్కటీ పొల్లుపోకుండా అందింది. తన ఊరి బజారులో వినే భాషకు అది దగ్గరి చుట్టం.

కొలంబో తెలుగులోనూ మాట్లాడింది. మధ్యాహ్నం పూట తెలుగు సినిమా పాటల గంటలో మీనాక్షి పొన్నుదురై గొంతు తెలియని శ్రోత ఆ తరంలో తక్కువ. సముద్రం అవతల కూర్చుని, తమిళపు వాసన ఉన్న మెత్తటి తెలుగులో ఆమె శ్రోతల పేర్లు, ఊర్ల పేర్లు చదివేవారు. పోస్టుకార్డు రాసి, మూడు వారాలు ఎదురుచూసి, ఒక రోజు తన ఊరి పేరు కొలంబో నుంచి విన్నవాడి గర్వానికి ఇప్పటి లైకులు ఏవీ సాటి రావు. అప్పటి బీహార్‌లోని ఝుమ్రీ తలయ్యా అనే చిన్న మైకా గనుల ఊరు ఇలా ఉత్తరాలు రాసి రాసే దేశమంతా పేరు తెచ్చుకుంది.

ఢిల్లీ తప్పు దిద్దుకోవడానికి ఐదేళ్లు పట్టింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. సినిమా పాటకు ప్రభుత్వ ఆకాశంలో చోటు దొరికింది. ట్రాన్సిస్టర్ కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే వచ్చింది. 1947 చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన గోరంత వస్తువు, 1960లు ముగిసేసరికి మా వైపు జొన్నచేల మంచెల మీదికి ఎక్కింది. రేడియోకు కరెంటుతో పని లేకుండా పోయింది. తోలు తొడుగులో భుజాన వేలాడింది. పెళ్లిలో కట్నాల జాబితాలో సైకిలు, వాచీల సరసన చేరింది. హోటల్ వాకిట్లో నిలబడ్డ మనిషి మొదటిసారి తన సొంత రేడియోతో తన సొంత గడప మీద కూర్చున్నాడు.

హైదరాబాద్ కేంద్రం ఆ రోజుల్లో నిజంగా ఇంటి కేంద్రం. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, పిల్లల నోట రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, మద్రాసులో మొదలుపెట్టిన పిల్లల కార్యక్రమాల ఒరవడిని హైదరాబాద్‌కు తెచ్చారు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు ముచ్చట్లు పెడితే మిల్లులో పనిచేసేవాళ్లే కాదు, పొలం గట్టు మీద సద్ది విప్పినవాళ్లు కూడా వినేవారు. రాత్రి ఉర్దూలో 'నైరంగ్'. కాస్త చదువుకున్నవాళ్లు బీబీసీ ఉర్దూ 'సైర్‌బీన్' విని మర్నాడు హోటల్లో అంతర్జాతీయ రాజకీయాలు విప్పేవారు.

పత్రికల మాట చాలా ఉంది, ఇక్కడ ఒక్కటే చెబుతాను. చందమామ. 1947 జూలైలో తెలుగు, తమిళాల్లో మొదలై, కన్నడంలోకి వచ్చింది, మరాఠీలో చాందోబా అయింది. అవే బొమ్మలు, అదే విక్రమార్కుడు, అదే చెట్టు మీది శవం. కింద అక్షరాలే వేరు. బీదర్ బంధువుల ఇంట్లో కన్నడ చందమామ చూసిన మా వైపు పిల్లవాడు ఆ కథ ముందే తెలుసు కాబట్టి కన్నడ అక్షరాలు కూడబలుక్కుని చదివేసేవాడు. తెలుగు, కన్నడ లిపులు అక్కాచెల్లెళ్లు కావడం కలిసొచ్చింది.

ఇన్ని గొంతులు వచ్చాయి. ఒక్క గొంతు రాలేదు. కోహీర్ తన గొంతు తాను రేడియోలో వినలేదు. ఆకాశవాణి తెలుగు చాలాకాలం పుస్తకపు తెలుగు, లేదా కృష్ణా గోదావరి తీరపు తెలుగు. ఉర్దూ గంటల్లో లక్నో నుడికారం. దక్కనీ యాస నాటకాల్లో నవ్వించే పాత్రకు, తెలంగాణ యాస నౌకరు పాత్రకు. ఇది మా ఒక్క ఊరి బాధ కాదు, తెలంగాణ మొత్తం పడ్డ బాధ. కాకపోతే నాలుగు భాషలు కలగలిసిన మా చోట ఆ దెబ్బ నాలుగు వైపుల నుంచీ తగిలింది. ఏ స్టేషన్ లెక్కలో చూసినా మా మాట 'తప్పు'.

దక్కనీకి గౌరవం రేడియో కన్నా ముందు కవి సమ్మేళనాల్లో దొరికింది. అందులో మా పక్క ఊర్ల వాటా చూస్తే ఛాతీ పొంగుతుంది. సులైమాన్ ఖతీబ్ 1922లో పుట్టింది చిట్‌గుప్పలో. కోహీర్ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగినంత దగ్గర. గుల్బర్గాలో నీటి సరఫరా విభాగంలో ఉద్యోగం చేసుకుంటూ, అత్తాకోడళ్ల తగవులు, పేదింటి ఆడపిల్ల పెళ్లి, ఊరి మనిషి ఆశ, అన్నీ అచ్చమైన పల్లె దక్కనీలో రాశాడు. ఆయన 'కేవడే కా బన్' కవితలను జనం పుస్తకంలో చదివిన దానికన్నా చెవితో పట్టుకుని నోటితో పంచుకున్నదే ఎక్కువ. నవ్వుతూ మొదలుపెట్టి కంటతడి పెట్టించి ముగించడం ఆయన విద్య. 1978లో పోయాడు. ఇంకో పక్క చించోళిలో 1936లో పుట్టిన ముజ్తబా హుస్సేన్ ఉర్దూ హాస్య వచనంలో దేశం గర్వించే పేరు. 2007లో పద్మశ్రీ అందుకుని, 2020లో కన్నుమూశాడు. కోహీర్, చిట్‌గుప్ప, చించోళి ఒకప్పుడు ఒకే రాజ్యం, ఒకే సంతల చుట్టు. 1956 గీత తర్వాత తెలుగు పాఠకుడికి ఖతీబ్ ఎవరో తెలియకుండా పోయింది. ఇది తెలుగువాళ్లకు జరిగిన నష్టం, దాన్ని ఇంకా పూడ్చుకోలేదు.

ఇప్పుడు 1975కు వద్దాం. ఆగస్టు 1న భారత ప్రభుత్వం అమెరికా నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుంటూ 'సైట్' ప్రయోగం మొదలుపెట్టింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మెదక్ ఒకటి. కర్ణాటకలో గుల్బర్గా ఒకటి. బడి కప్పు మీద కోళ్ల గూటి జాలీతో చేసిన పది అడుగుల గొడుగు యాంటెన్నా, లోపల ఒక టీవీ, పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. ఆ ఉపగ్రహంలో ఒక విచిత్రమైన సదుపాయం ఉండేది. ఒకే బొమ్మతో పాటు రెండు వేర్వేరు మాటల దారులు పంపవచ్చు. తెలుగు, కన్నడ కార్యక్రమాలు రెండూ తయారైంది హైదరాబాద్ కేంద్రంలోనే. పట్నాలకే టీవీ సరిగ్గా రాని రోజుల్లో మా జిల్లా పల్లెలు అంతరిక్షం నుంచి టీవీ చూశాయి. ఏడాది కాగానే, 1976 జూలై 31న, ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. తెరలు నల్లబడ్డాయి. ఉపగ్రహాలతో ప్రసారాలు చేయవచ్చని 1945లోనే రాసిన ఆర్థర్ క్లార్క్ అప్పుడు కొలంబోలో ఉండేవాడు. మన ఇస్రో ఇంజనీర్లు ఆయన ఇంటి మీద కూడా ఒక యాంటెన్నా పెట్టి వచ్చారు. మెదక్ పల్లె, కొలంబో మేడ ఒకే బొమ్మ చూసిన ఏడాది అది. ఇరవై ఏళ్లుగా కొలంబో పంపిన పాటల బాకీ కొంత తీరిందనుకుంటాను.

ఆ సైట్ కార్యక్రమాల్లో చురుగ్గా పనిచేసిన దూరదర్శన్ ప్రొడ్యూసర్లలో పి.వి. సతీశ్ ఒకరు. మైసూరులో పుట్టి, పాత్రికేయం చదువుకుని, దాదాపు రెండు దశాబ్దాలు పల్లె జనం కోసం టీవీ కార్యక్రమాలు చేశారు. ఈ పేరు గుర్తుంచుకోండి.

తర్వాతి పదిహేనేళ్లు టీవీవి. అవి అందరికీ తెలిసినవే కాబట్టి వేగంగా దాటుతాను. 1977 అక్టోబర్‌లో హైదరాబాద్ దూరదర్శన్. 1982లో ఏషియాడ్‌తో రంగులు. 1983 నవంబర్ 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు వార్తలు. శుక్రవారం చిత్రలహరి. 1987 జనవరి 25 నుంచి ఆదివారం రామాయణం, వీధులు ఖాళీ. రామాయణం రోజు ముస్లిం ఇళ్ల టీవీల ముందు హిందూ పిల్లలు, రంజాన్ రోజు హిందూ ఇళ్ల ముందు సేమ్యా గిన్నెలు, ఇవి కోహీర్ లాంటి ఊర్లకు వింతలు కావు. రేడియో మూలకు పోయింది. గీత్‌మాలా కూడా 1989లో సిలోన్ వదిలి వివిధ భారతికి వచ్చింది.

ఇక చివరి మలుపు. దాన్ని తిప్పింది ఒక క్రికెట్ టోర్నీ. 1993 నవంబర్. హీరో కప్. ఫైనల్లో ఈడెన్ గార్డెన్స్ దీపాల వెలుగులో కుంబ్లే 12 పరుగులకే ఆరు వికెట్లు తీసి వెస్టిండీస్‌ను కూల్చిన రాత్రి. చాయ్ హోటళ్లలో పండగ. ఆ మ్యాచ్‌లను ఎవరు ప్రసారం చేయాలన్న దాని మీద బెంగాల్ క్రికెట్ సంఘానికి, కేంద్ర ప్రభుత్వానికి తగాదా వచ్చింది. దూరదర్శన్ తనదే హక్కు అంది, క్రికెట్ సంఘం విదేశీ కంపెనీకి ఇస్తానంది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన కరీంనగర్ బిడ్డ జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్న ధర్మాసనం తీర్పు చెప్పింది. గాలి తరంగాలు ప్రభుత్వానివీ కావు, డబ్బున్నవాడివీ కావు, ప్రజల ఆస్తి.

క్రికెట్ కోసం పుట్టిన ఆ తీర్పును పట్టుకుని ముందుకు నడిచిన వాళ్లలో జహీరాబాద్ పక్క పల్లెల దళిత ఆడవాళ్లున్నారు. సతీశ్ కొందరు మిత్రులతో కలిసి 1983లో పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని మొదలుపెట్టారు. బీడు భూముల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి వేసే పాత సేద్యాన్ని, విత్తనాన్ని దాచుకునే తెలివిని ఊరి సంఘాల ఆడవాళ్లు మళ్లీ నిలబెట్టారు. వాళ్లలో చాలామంది ఒకనాడు హోటల్ వాకిట్లో నిలబడి పాట విన్నవాళ్ల బిడ్డలు, కోడళ్లు. 1990ల నడుమ రేడియో మాట వచ్చినప్పుడు వాళ్లు అడిగింది సినిమా పాటలు కాదు. పట్నం రేడియో చెప్పే ఎరువుల సేద్యం తమ నేలకు సరిపడదనీ, దాని భాష తమది కాదనీ, అవ్వల పాటలు అవ్వలతోనే పోతున్నాయనీ, అందుకు తమ రేడియో తమకే కావాలనీ అన్నారు.

యునెస్కో సాయంతో ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో స్టేషన్ కట్టారు. 1990లు ముగియకముందే గది సిద్ధం, యంత్రం సిద్ధం, మాట్లాడే మనుషులు సిద్ధం. అనుమతి లేదు. గాలి ప్రజల ఆస్తి అని కోర్టు చెప్పినా, స్టేషన్ సిద్ధమైన తర్వాత కూడా దాదాపు పదేళ్లు అనుమతి లేదు. వాళ్లు ఊరుకోలేదు. టేప్ రికార్డర్ పట్టుకుని ఊరూరా తిరిగి కలుపు పాటలు, విసురురాయి పాటలు, బతుకమ్మ పాటలు, విత్తనాల ముచ్చట్లు, మందుమాకుల జ్ఞానం రికార్డు చేశారు. ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో పెట్టి వినిపించుకున్నారు. ప్రసారం లేని రేడియో స్టేషన్ అంతకాలం నడిచిందంటే అది మొండితనం వల్లే. 2002 ఆఖరులో ప్రభుత్వం కాలేజీలకు మాత్రం దారి తెరిచింది, 2004లో చెన్నైలో అన్నా ఎఫ్ఎం వచ్చింది. పల్లె సంఘాలకు 2006 నవంబర్ దాకా గేటు మూసే ఉంది.

2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్‌పై గాలిలోకి వచ్చింది. దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ అండతో పల్లెలో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో. ప్రారంభించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ తీర్పు రాసిన జస్టిస్ సావంత్. సంఘం ఆడవాళ్లు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మైకు ముందు, మిక్సర్ ముందు కూర్చున్నారు. కమ్యూనిటీ రేడియోకు నియమాలు ఇచ్చిన బలం 100 వాట్లు. సిలోన్ యంత్రంలో వెయ్యో వంతు. చుట్టూ పాతిక కిలోమీటర్ల దాకా పోతే గొప్ప. అయితే ఆ పాతిక కిలోమీటర్ల లోపల, రోజూ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా, 'గిట్లెందుకైతది', 'మంచిగున్నరా' అనే మాటలు నవ్వించే పాత్ర నోటి నుంచి కాక వార్త చెప్పే గొంతు నుంచి వచ్చాయి. విత్తనం ఎప్పుడు వేయాలో, మేకకు జ్వరమొస్తే ఏ ఆకు నూరాలో, ఏ ఊర్లో జాతరో, ఆ యాసలోనే. ఏడు దశాబ్దాలు వినడమే పనిగా ఉన్న నేల మాట్లాడటం మొదలుపెట్టింది.

ఈ మధ్య కాలంలో చాలామంది వెళ్లిపోయారు. 2023 మార్చిలో సతీశ్, 2024 ఫిబ్రవరిలో అమీన్ సయానీ, ఏప్రిల్‌లో శాంతిస్వరూప్. సయానీ పోయినప్పుడు దేశం మొత్తం గీత్‌మాలాను తలుచుకుంది, తలుచుకోవాల్సిందే. అదే గౌరవం మాచ్‌నూర్ క్యాసెట్లకు కూడా ఇవ్వాలని నా పట్టు. అనుమతి రాని పదేళ్లలో ఆ ఆడవాళ్లు పోగేసిన టేపుల్లో ఉన్నది, ఏ ఆకాశవాణి ఆర్కైవులోనూ లేని జహీరాబాద్ ప్రాంతపు పాట. సయానీ గీత్‌మాలాను కంపెనీలు డిస్కులుగా అమ్ముకున్నాయి. ఈ క్యాసెట్లను డిజిటల్ చేసి, పాట పాడిన మనిషి పేరు, ఊరు రాసి భద్రం చేసే పని విశ్వవిద్యాలయాలు, రాష్ట్ర సాంస్కృతిక శాఖ తమ పనిగా ఎత్తుకోవాలి. అయస్కాంతపు టేపు ఎల్లకాలం ఆగదు.

వచ్చే వారం ఆ టేపు కథే: దర్గా ఉర్సుల్లో అమ్మిన ఖవ్వాలీ క్యాసెట్లు, జననాట్యమండలి పాటలు, డబ్బింగ్ దుకాణాలు.